త్రాసు పట్టిన రసాయనవేత్త – లవోయిజరు జీవితము

మోపెడు కట్టెలు పొయ్యిలో పెట్టి కాల్చినచో తుదకు చేటెడు బూడిద మాత్రమే మిగులును. వానకు తడిసిన ఇనుప మేకు తుప్పు పట్టినపుడు, ఆ తుప్పును రాలనీయక తూచినచో, మునుపటికంటె బరువెక్కియుండును. ఒకచోట వస్తువు తగ్గినట్లును, మఱియొకచోట ఎవరును ఏమియు చేర్చకయే పెరిగినట్లును తోచుచున్నది. తగ్గినది ఎచ్చటికి పోయినది? పెరిగినది ఎచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్న అనాదిగా మానవుని కన్నుల యెదుటనే యున్నది. త్రాసు చేతబట్టి, లెక్క వ్రాసి, దానికి సమాధానము చెప్పిన మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడగు ఆంత్వాన్ లోరాన్ లవోయిజరు. ఆతని దేశీయులు ఆ పేరును లవ్వాజియే యని పలుకుదురు. నేడు పాఠశాలలో రసాయన సమీకరణమును తుల్యము చేయు ప్రతి విద్యార్థియు, తెలిసియో తెలియకయో, ఈతడు చూపిన మార్గముననే నడచుచున్నాడు. అట్టి వాని జీవితమును మన గ్రంథాలయ పాఠకులు తెలిసికొనుట యుక్తము.

బాల్యము – విద్య

లవోయిజరు 1743వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పారిస్ నగరమున, కలిగిన కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఐదేండ్ల ప్రాయముననే తల్లి మరణించుటచే, తల్లి సోదరి పెండ్లి చేసికొనక ఆ బిడ్డను తన బిడ్డవలె పెంచినది. మజారిన్ కళాశాలలో చదువునపుడు లకాయి యను ఖగోళ శాస్త్రజ్ఞుని శిష్యుడై గణితమునందును, కొలతలయందును ఖచ్చితమైన అలవాటును సంపాదించెను. వంశాచారము ననుసరించి న్యాయశాస్త్రము చదివి 1764లో పట్టమును పొందెనుగాని న్యాయస్థానమున వాదించుటకు ఎన్నడును పోలేదు. ఆతని మనస్సంతయు ప్రకృతి శాస్త్రములయందే లగ్నమైయుండెను. రూయెల్ అను పండితుడు చేయు రసాయన ప్రసంగములను వినుచు, గెట్టార్ అను భూగర్భ శాస్త్రజ్ఞునితో కూడి దేశమునందలి రాళ్లను, మన్నును, ఊటనీళ్లను పరీక్షించుచు యౌవనమును గడపెను.

పెద్ద నగరపు వీథులలో రాత్రివేళ దీపములు పెట్టుటకు మేలైన పద్ధతి యేదియని పారిస్ శాస్త్ర పరిషత్తువారు పోటీ పెట్టగా, ఆతడు వ్రాసిన వ్యాసమునకు 1766లో రాజుగారి బంగారు పతకము లభించెను. 1768లో, ఇరువదియైదేండ్లు నిండకమునుపే, ఆ పరిషత్తున సభ్యుడయ్యెను.

ఇజారాదారు

అదే సంవత్సరమున ఆతడు మఱియొక పని చేసెను. దాని ఫలితము ఆతని జీవితాంతము వెంటాడినది. ఆ కాలమున ఫ్రాన్సు రాజు కొన్ని పన్నులను స్వయముగా వసూలు చేయక, ధనికుల సంఘమునకు ఇజారాకు ఇచ్చుచుండెను. ఆ సంఘమువారు రాజునకు ముందుగానే ఒడంబడిన సొమ్ము చెల్లించి, ఉప్పుపైనను, పొగాకుపైనను, పట్టణములోనికి వచ్చు సరకులపైనను ప్రజలనుండి సుంకము రాబట్టి, మిగిలినది లాభముగా పంచుకొనుచుండిరి. ఉప్పుపన్ను పేదవానిని ఎట్లు బాధించునో 1930లో ఉప్పు సత్యాగ్రహమునకు పూనుకొన్న మన దేశీయులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. లవోయిజరు తనకు సంక్రమించిన ఆస్తితో ఆ ఇజారాలో భాగము కొనెను. దానివలన వచ్చిన ఆదాయముతోనే సాటిలేని ప్రయోగశాలను, అతి సున్నితమైన త్రాసులను సమకూర్చుకొనెను. కావున ఆతని శాస్త్రసేవకు వెచ్చమైన ధనములో కొంత పేదల చెమటయే యని చెప్పక తప్పదు.

1771లో సహ ఇజారాదారుడగు పోల్జ్ కుమార్తె మరీ ఆన్‌ను వివాహమాడెను. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లును నిండలేదు. ఆతనికి ఇరువదియెనిమిదేండ్లు. ఆమె భర్త పనిలో సమభాగము వహించుటకై ఇంగ్లీషు నేర్చి ఆంగ్ల శాస్త్రగ్రంథములను ఫ్రెంచిలోనికి తెచ్చినది. దావీద్ అను ప్రసిద్ధ చిత్రకారునికడ చిత్రలేఖనము అభ్యసించి, భర్త గ్రంథమునకు వలయు పరికరముల చిత్రములను తానే చెక్కినది. ప్రయోగములు జరుగుచుండగా ప్రక్కన కూర్చుండి లెక్కలు వ్రాసినది. వారికి సంతానము కలుగలేదు.

నీరు మన్నగునా?

నీటిని ఎక్కువకాలము కాచినచో అది మన్నుగా మారునని ఆనాటి పండితులు పెక్కురు నమ్ముచుండిరి. గాజుపాత్రలో నీరు కాచినపుడు అడుగున తెల్లని మడ్డి కనిపించుటయే వారికి సాక్ష్యము. లవోయిజరు ఆవిరి బయటికి పోక మరల నీరై క్రిందికి దిగునట్టి గాజుపాత్రను తెచ్చి, పాత్రను వేఱుగాను, నీటితో కూడను తూచి, మూతిని బంధించి 101 దినములు కాచెను. తుదకు అంతయు కలిపి తూచిచూడగా బరువు మారలేదు. పాత్రను మాత్రము తూచిచూడగా అది తగ్గినది. ఆ తగ్గుదల ఇంచుమించు మడ్డి బరువుతో సరిపోయినది. నీరు మన్ను కాలేదనియు, గాజే కొంత కరిగినదనియు తేలిపోయెను. వేలయేండ్ల నమ్మకము ఒక త్రాసు ముందర నిలువలేకపోయినది. పనికి ముందు తూచుట, పని ముగిసిన పిదప తూచుట, బయటికి పోవు దారులను మూయుట – ఇదియే ఆతని జీవితాంతము సాగిన పద్ధతి.

మంటలోని మర్మము

ఆ శతాబ్దిలో రసాయన శాస్త్రమును ఏలుచుండినది ఫ్లోజిస్టను వాదము. జర్మనీ దేశీయుడగు స్టాల్ దానికి ప్రధానాచార్యుడు. మండు ప్రతి వస్తువులోను ఫ్లోజిస్టను అను పదార్థము ఒకటి యున్నదనియు, వస్తువు కాలునపుడు అది బయటికి పోవుననియు ఆ వాదము. కట్టె కాలి బూడిద మిగులుటకు ఈ మాట సరిపోవును. కాని తగరమును, సీసమును కాల్చి భస్మము చేసినచో ఆ భస్మము లోహముకంటె బరువుగా నుండును. ఏదో పోయినచో బరువు పెరుగుట ఎట్లు? ఫ్లోజిస్టనునకు బరువునకు బదులు తేలికదన మున్నదని కూడ కొందఱు సమర్థింపజూచిరి.

1772లో లవోయిజరు గంధకమును, భాస్వరమును కాల్చి, అవియు కాలి బరువెక్కుచున్నవని కనుగొనెను. ఇది గొప్ప సంగతియని ఎఱిగి, ఒక కాగితమున వ్రాసి ముద్రవేసి నవంబరు 1వ తేదీన పరిషత్తున దాచియుంచెను. 1774లో తగరమును గాజుపాత్రలో పెట్టి, మూతిని పూర్తిగా బంధించి, తూచి, వేడిచేసెను. లోహము కొంత భస్మమైనది. మూతి తెఱవకయే తూచిచూడగా బరువు మారలేదు. మూతి తెఱచిన వెంటనే బయటిగాలి చప్పుడుచేయుచు లోనికి చొచ్చుకొనిపోయినది. అప్పుడు తూచిచూడగా బరువు పెరిగియున్నది. నూఱేండ్లకు పూర్వము ఇంగ్లండులో రాబర్టు బాయిలు ఇట్టి ప్రయోగమునే చేసి, మూతి తెఱచిన పిదప తూచి, నిప్పుకణములు గాజులోనుండి దూరి లోహమును చేరినవని పొరబడెను. మూతి తెఱచుటకు ముందు తూచుటయా, పిదప తూచుటయా యను నంతమాత్రపు భేదముననే సత్యము దాగియుండినది. లోహము బరువెక్కినది నిప్పువలన కాదు, పాత్రలోని గాలిలో కొంత భాగమును పట్టుకొనుటవలన.

ఆ భాగమేది? 1774 అక్టోబరులో ఇంగ్లండునుండి ప్రీస్ట్‌లీ అను శాస్త్రజ్ఞుడు పారిస్ వచ్చి, పాదరసపు ఎఱ్ఱని భస్మమును వేడిచేయగా దీపము మహాప్రకాశముతో వెలుగు ఒక గాలి వచ్చినదని లవోయిజరు ఇంటి విందులో తెలిపెను. స్వీడను దేశమున షీలే అంతకు పూర్వమే ఆ గాలిని తీసియుండెను. కాని వారిరువురును ఫ్లోజిస్టను వాదమును వదలలేకపోయిరి. లవోయిజరు ఆ గాలి స్వరూపమును గ్రహించెను. అయితే ప్రీస్ట్‌లీకి ఋణపడిన సంగతిని మనసార ఒప్పుకొనకపోవుట ఆతనియందలి లోపమే.

ఆతడు చేసిన ప్రయోగము ఇట్టిది. నాలుగు ఔన్సుల పాదరసమును, బంధించిన 50 ఘనపుటంగుళముల గాలితో తాకునట్లుంచి, పండ్రెండు దినములు రాత్రింబగళ్లు కాచెను. పాదరసముపై ఎఱ్ఱని భస్మము తేలినది. గాలి 42, 43 ఘనపుటంగుళములకు తగ్గినది. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయినది, ప్రాణులు బ్రతుకలేదు. ఎఱ్ఱని భస్మమును తీసి తూచగా 45 గ్రెయినులున్నది. దానిని మఱింత వేడిచేయగా 41½ గ్రెయినుల పాదరసమును, 7, 8 ఘనపుటంగుళముల గాలియు తిరిగి వచ్చినవి. పోయిన గాలియే, పోయినంతయే తిరిగివచ్చినది! భస్మమునకును పాదరసమునకును గల 3½ గ్రెయినుల భేదము ఆ గాలి బరువే. నేటి లెక్క ప్రకారము 45 గ్రెయినుల భస్మమునుండి దాదాపు 41.7 గ్రెయినుల పాదరసము రావలెను. ఆతని త్రాసు ఎంత నమ్మదగినదో దీనివలన తెలియుచున్నది. ఆ గాలికి ఆతడు పెట్టిన పేరే ఆక్సిజను. మనవారు దానిని ఆమ్లజని యనిరి.

నీరు మూలపదార్థమను నమ్మకమును అటులనే తీర్పునకు వచ్చినది. ఉదజనిని మండించగా నీరు పుట్టుచున్నదని ఇంగ్లండులో కావెండిషు కనుగొనెను. ఆ వార్త విని లవోయిజరు 1783లో లాప్లాసుతో కూడి ఉదజని, ఆమ్లజనులను కలిపి మండించి నీటిని పొందెను. 1785లో నీటియావిరిని కాలిన ఇనుప గొట్టముగుండ పంపి ఉదజనిని వేఱుచేసి, రెండు వాయువులను మరల కలిపి నీరుచేసి, విడదీసినను, కలిపినను లెక్క సరిపోవుట చూపెను. మనము ఊపిరి పీల్చుటయు నెమ్మదిగా జరుగు దహనమేయని తెలిపినవాడును ఈతడే.

లెక్క సరిపోవలెను

1787లో గిటన్ ద మొర్వో, బెర్తొలె, ఫూర్‌క్రువా అను ముగ్గురితో కలిసి లవోయిజరు పదార్థములకు క్రొత్త పేర్లు పెట్టెను. పేరు వినగానే ఆ పదార్థము వేనితో చేయబడినదో తెలియవలెనని వారి నియమము. 1789లో వెలువడిన ఆతని రసాయన గ్రంథమున 33 మూలపదార్థముల పట్టిక యున్నది. ద్రాక్షరసము పులిసి మద్యమగుటను గూర్చిన ప్రకరణమున ఆతడు తన మూలసూత్రమును స్పష్టపఱచెను. మానవుడు చేయు పనులలోగాని, ప్రకృతి చేయు పనులలోగాని క్రొత్తగా ఏదియు పుట్టదు. పనికి ముందు ఎంత పదార్థమున్నదో, పని తరువాతను అంతయే యుండును. మారునది కూర్పు మాత్రమే. కావున రసమునందలి పదార్థములను ఒకవైపునను, దానినుండి వచ్చిన మద్యసారమును, బొగ్గుపులుసు గాలిని మఱియొకవైపునను ఉంచి సమముగా చూపవచ్చునని ఆతడు తెలిపెను. ఇదియే ద్రవ్యనిత్యత్వ నియమము.

ఇట్టి భావము పూర్వులకు తెలియనిది కాదు. లేనిదానినుండి ఉన్నది పుట్టదని మన సాంఖ్యులును, గ్రీకు తత్త్వవేత్తలును చెప్పియుండిరి. రష్యాలో లొమొనోసొవ్ అను పండితుడు లవోయిజరునకు ముందే దీనిని సూచించెను. కాని తర్కముచే చెప్పుట వేఱు, ప్రతి ప్రయోగమునను తూచి చూపుట వేఱు. ఈ నియమమును రసాయనశాలలో దినచర్యగా మార్చిన ఘనత లవోయిజరుదే.

నేటి విద్యార్థి చేయు పని దీనిలోనుండి పుట్టినదే. ఉదజని మండి నీరగుటను తీసికొందము. ఉదజని అణువులో రెండు పరమాణువులు, ఆమ్లజని అణువులో రెండు పరమాణువులు ఉన్నవి. నీటి అణువులో ఉదజని పరమాణువులు రెండు, ఆమ్లజని పరమాణువు ఒకటి ఉన్నవి. ఒక ఉదజని అణువు, ఒక ఆమ్లజని అణువు కలిసి ఒక నీటి అణువు అయినదని వ్రాసినచో, ఎడమవైపున రెండు ఆమ్లజని పరమాణువులుండగా కుడివైపున ఒకటియే కనబడును. రెండవది ఏమైనది? లెక్క కుదిరించుటకై నీటి అణువులో ఇంకొక ఆమ్లజని పరమాణువును దూర్చుట తగదు. దూర్చినచో అది నీరు కాదు, వేఱొక పదార్థమగును. అణువుల కూర్పును మార్చక సంఖ్యను మాత్రమే మార్చవలెను. రెండు ఉదజని అణువులు, ఒక ఆమ్లజని అణువు కలిసి రెండు నీటి అణువులైనవని వ్రాయగా ఇరువైపుల నాలుగు ఉదజని పరమాణువులు, రెండు ఆమ్లజని పరమాణువులు ఉండును. బరువు చూచినను 4 పాళ్లు, 32 పాళ్లు కలిసి 36 పాళ్లగును. పద్దుపుస్తకమున జమకును ఖర్చునకును పొత్తు కుదుర్చుటవంటిదే ఈ పని.

పరమాణువుల లెక్క లవోయిజరు ఎఱుగడు. దానిని డాల్టను 1808లో ప్రకటించెను. అక్షర సంకేతములను బెర్జీలియసు 1813, 1814 సంవత్సరములలో ఏర్పఱచెను. పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మనీలో లండోల్టు పెక్కేండ్లు శ్రమించి తూచినను రసాయన క్రియలో బరువు భేదము కనబడలేదు. ద్రవ్యమును శక్తియు ఒకదానికొకటి సంబంధించినవని ఐన్‌స్టీను 1905లో తెలిపెను. కాని రసాయన క్రియలలో ఆ భేదము త్రాసునకు అందనంత స్వల్పము. ఇక లవోయిజరునకును పొరపాట్లు లేకపోలేదు. ఆమ్లములన్నిటిలోను ఆమ్లజని యుండితీరునని ఆతడు నమ్మెను. 1810లో డేవీ అది సరికాదని చూపెను. వేడిమిని, వెలుతురును కూడ ఆతడు మూలపదార్థములలో చేర్చెను.

ప్రజాసేవ – దుర్మరణము

1775లో ప్రభుత్వము ఆతనిని తుపాకిమందు శాఖలో అధికారిగా నియమించెను. అచ్చటి భవనముననే ఆతని ప్రయోగశాల వెలసినది. బ్లువా నగరమునకు సమీపమున వ్యవసాయక్షేత్రము పెట్టి, ఎరువు, దిగుబడి, పశువుల లెక్కలు ఏండ్ల తరబడి వ్రాసెను. 1788లో కఱవు వచ్చినపుడు ధాన్యము కొనుటకై ఆ ప్రాంతపు పట్టణములకు వడ్డీలేని అప్పు ఇచ్చెను. దేశమంతటికి ఒకే కొలత, ఒకే తూనిక యుండవలెనని ఏర్పడిన సంఘమున పనిచేసెను. నేడు మనము వాడు మీటరు, కిలోగ్రాముల పద్ధతి ఆ కృషి ఫలితమే.

1789లో ఫ్రెంచి విప్లవము ప్రారంభమైనది. 1791లో ఇజారా రద్దయినను ప్రజల ఆగ్రహము చల్లారలేదు. అగ్నిని గూర్చి తాను వ్రాసిన గ్రంథమును లవోయిజరు మెచ్చలేదను కోపమును మనసున పెట్టుకొనిన మారా యను విప్లవనాయకుడు తన పత్రికలో ఆతనిని తీవ్రముగ దూషించెను. 1793 నవంబరులో ఇజారాదారుల నందఱను బంధింపవలెనని ఉత్తరువైనది. లవోయిజరు తానే వెళ్లి లొంగిపోయెను. చెఱలో ఇజారాదారులు తమ లెక్కలన్నియు సిద్ధపఱచి 1794 జనవరి చివర సమర్పించిరి. కాని ఆ లెక్కలను నిదానముగ తూచిచూచు ఓర్పు ఆనాటి న్యాయస్థానమునకు లేకపోయినది. మే 8వ తేదీన ఒక్క దినముననే విచారణ, తీర్పు, మరణశిక్ష ముగిసినవి. ఇరువదియెనమండ్రు ఇజారాదారులను వరుసగా గిలటిను యంత్రముచే శిరచ్ఛేదము చేసిరి. ఆ వరుసలో మామ పోల్జ్ మూడవవాడు, ఏబదియేండ్ల లవోయిజరు నాలుగవవాడు.

ఇజారా అన్యాయమైనదను మాట నిజము. దానివలన ఆతడు లాభపడెననుటయు నిజము. కాని ఆతనిపై మోపిన రాజ్యద్రోహ నేరము నిజము కాదు. నిజమును అబద్ధమును ఒకే సిబ్బెలో వేసి తూచినవారు ఒక మహామేధావిని దేశమునకు లేకుండచేసిరి. కొలదికాలములోనే ప్రభుత్వము మారి, ఆతని ఆస్తిని, పుస్తకములను, పరికరములను భార్యకు తిరిగి ఇచ్చివేసినది. ప్రాణమును మాత్రము తిరిగి ఇచ్చుట ఎవరితరము?

ఒకేదినమున భర్తను, తండ్రిని పోగొట్టుకొని, తానును చెఱసాలలో బాధపడిన మరీ ఆన్ అధైర్యపడలేదు. భర్త చెఱలో సవరించుచుండిన వ్యాసములను కూర్చి 1805లో వెలుగులోనికి తెచ్చినది. తరువాత రమ్‌ఫర్డు ప్రభువును వివాహమాడినను లవోయిజరు పేరును విడువలేదు. ఆమె 1836లో కాలధర్మము నొందినది. లవోయిజరు వాడిన త్రాసులను పారిస్ నగరపు వస్తుప్రదర్శనశాలలో భద్రపఱచిరి.

లవోయిజరు ఆయుధమైన త్రాసు ప్రతి కోమటి అంగడిలోను ఉన్నదే. ఆతని విద్య ప్రతి గృహస్థునకు తెలిసిన జమాఖర్చులే. వానితోనే ఆతడు ఒక శాస్త్రమును తిరుగవేసెను. మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు గ్రహింపవలసినది ఇదియే. పెద్దలు చెప్పిరి గదా యని నమ్మక, తనకు తోచెను గదా యని నిర్ణయింపక, తూచి చూడవలెను. లెక్క సరిపోనిచో ఏ దారిన ఏది పోయినదో, ఏ దారిన ఏది వచ్చినదో వెదకవలెను. వస్తువులను గూర్చి ఈ నియమము ఎంత అవసరమో, మనుష్యుల మంచిచెడ్డలను గూర్చి తీర్పు చెప్పునపుడు అంతకంటె అవసరము. దానిని మఱచుటవలన కలుగు నష్టమెట్టిదో ఆతని మరణమే తెలుపుచున్నది.